ముందు చక్రం కింది రాయి

సెప్టెంబరు 1, సోమవారం

పద్మ రాస్తోంది, మాటలు నావి. నాకు అక్షరం రాదు. నా కోడలు పది దాకా చదివింది. మిషను కుట్టే చెయ్యి కదా, రాత కూడా కుట్టులాగే వరుసగా ఉంటుందట. "నేను సెప్పింది సెప్పినట్టు రాయి, నీ తెలివి కలపాకు" అన్నాను. "నీ మాటలు ఉన్నవున్నట్టు రాస్తే కాగితం కాలిపోతాదత్తా. పుస్తకాల్లో మాదిరి రాస్తా" అంది. సరే, భాష నీది, కోపం నాది అన్నాను.

ఇది ఎవరికీ చూపించడానికి కాదు. పంతొమ్మిదో తేదీ ఊరి పెద్ద ఓబన్న అరుగు మీద పంచాయితీ ఉంది. ఆ రోజు నా మాట తడబడకూడదు. రోజూ చెప్పి రాయించుకుని, రోజూ చదివించుకుని గట్టి చేసుకోవాలని ఈ పుస్తకం.

నా మొగుడు కాశప్ప మెకానిక్కు. ఆదోనిలో జిన్నింగు మిల్లు సావుకారు మద్రాసు నుంచి తెప్పించుకున్న ఇంగ్లండు కారును ముప్పై ఏళ్లు చూసుకున్నాడు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు, చక్రాలకు సైకిలు మాదిరి పుల్లలు. పందేల్లో పరుగెత్తే జాతి బండి. మిల్లు మూసి ఊరు విడిచేటప్పుడు సావుకారు దాన్ని కాశప్పకే రాసిచ్చాడు. అప్పటి నుంచి ఎమ్మిగనూరులో మా షెడ్డులో ఉంది. ఆరేళ్ల కిందట, ఇదే నెల పద్దెనిమిదిన, జాకీ మీద ఉన్న ఆ బండి కిందికి దిగింది. కింద కాశప్ప ఉన్నాడు.

బండి వెనక భాగం జాకీతో లేపితే ముందు చక్రానికి అడ్డంగా రాయి పెట్టాలి. మా షెడ్డు నేల వాకిలి వైపు వాలు. రాయి పెట్టే పని ఎప్పుడూ సుంకన్నది. నా మొగుడి దగ్గర ఇరవై ఏళ్లు పని చేసినవాడు. ఆ రోజు వాడు రాయి పెట్టలేదు. అదే నేను చెప్పాను, అదే ఊరు నమ్మింది. అప్పటి నుంచి ఎవరూ వాడి చేతికి జాకీ ఇవ్వలేదు. ఆదోని మార్కెట్లో మూటలు మోస్తున్నాడు.

ఇప్పుడు వాడు ఓబన్న దగ్గరికి పోయి, 'నా తర్వాత బండి నీదే' అని కాశప్పన్న నాకు మాట ఇచ్చినాడు, తీర్పు చెప్పండి అన్నాడట. ఓబన్న నన్ను పిలిపించాడు. "నడవని బండికి పంచాయితీ ఏంటికమ్మా? ఆ పొద్దుకు స్టార్టు సేసి పెట్టు" అన్నాడు. పెడతాను. నలభై ఏళ్లు పానాలు అందించినదాన్ని, ఆ బండి నాకూ తెలుసు.

సుంకన్న రాయి పెట్టలేదు. పద్మా, ఈ మాట కింద గీత గీయి.

సెప్టెంబరు 2

బ్యాటరీ తలకాయల మీద పచ్చటి బూజు పట్టింది. వంటసోడా చల్లి, వేడినీళ్లు పోసి, పాత పళ్ల బ్రష్షుతో తోమాను. తాళం తిప్పితే ముక్కింది, లేవలేదు.

కాశప్ప ఉంటే "తొందరేంటికి హులిగీ, దానికీ నిద్దర మత్తు ఉంటాది" అనేవాడు. నన్ను హులిగీ అన్నది ఈ భూమ్మీద ఆయనొక్కడే. కన్నతల్లి కూడా హులిగెమ్మా అని నిండుగానే పిలిచేది. ఇప్పుడు వీధికి అవ్వను, పద్మకు అత్తను, సుంకన్నకు వదినను.

సెప్టెంబరు 4

ఎడమ కార్బురేటరు నుంచి పెట్రోలు కారింది. ఈ బండికి కార్బురేటర్లు రెండు. మూత విప్పితే లోపలి సూదికి మట్టి పట్టి ఇరుక్కుపోయింది. చీర పేలికతో తుడిచి మళ్లీ బిగించాను. తర్వాత రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో, ఒక కొన కార్బురేటరు నోట్లో పెట్టి విన్నాను. రెండూ ఒకే మాదిరి బుసకొట్టాలి. దీనికి చదువు అక్కర్లేదు, చెవి ఉంటే చాలు.

సాయంత్రం నాలుగింటికి బండి లేచింది. "అత్తా, అది దగ్గుతాంది. ఓబన్న తాతే షెడ్డులోకి వచ్చినాడేమో అనుకున్యా" అని పద్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఇది రాయొద్దన్నా రాసింది.

సెప్టెంబరు 5

రాయి లేకపోవడం నేను కళ్లారా చూశాను.

సెప్టెంబరు 7, ఆదివారం

మిట్టమధ్యాహ్నం. వీధిలో మగ్గాలు కూడా ఆగి ఉన్నాయి. నేను అన్నం ముందు కూర్చున్నాను. షెడ్డులో చప్పుడు. టింగ్, టింగ్, టింగ్.

ఆ చప్పుడు నాకు తెలుసు. చక్రం పుల్లల మీద పానాతో ఒక్కొక్కటిగా తడితే, బిగువుగా ఉన్నది గంటలా మోగుతుంది, వదులుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది. కాశప్ప కళ్లు మూసుకుని వినేవాడు. ఏడు మోగాయి. ఎనిమిదోది మొద్దుగా పలికింది. మళ్లీ మొదటి నుంచి ఏడు. మళ్లీ ఎనిమిదోది మొద్దుగా.

వెళ్లి చూస్తే షెడ్డుకు తాళం వేసే ఉంది. తాళం చెవి నా మొలలో ఉంది. తలుపు తీసి పానా తీసుకుని ముందు చక్రం తట్టి చూశాను. ఎనిమిదో పుల్ల వదులు. బిగించాను.

ఎండకు ఇనుము సాగి చప్పుడు చేస్తుంది.

సెప్టెంబరు 8

పెద్దలకు పెట్టే పదిహేను రోజులు ఈ రోజు మొదలు. పొద్దున కాశప్ప ఫోటోకు పూలు పెట్టాను. మధ్యాహ్నం పెరట్లోకి పోతే తూర్పు గోడ పక్కన రాయి ఉంది. ఆ రాయి. మా పాత రుబ్బురోలు పొత్రం, నడిమికి పగిలితే చక్రానికి అడ్డు పెట్టుకోవడానికి కాశప్ప ఉంచుకున్నది. ఆరేళ్లుగా షెడ్డు మూలలో ఉంది.

పద్మను అడిగాను. "అంత బరువు నేనెందుకు మోస్తానత్తా, నా నడుమే నాకు బరువు" అంది. మళ్లీ షెడ్డులో పెట్టించాను.

తూర్పు గోడ పక్కకే ఎందుకు పోయిందంటే నాకేం తెలుసు.

సెప్టెంబరు 9

మళ్లీ గోడ పక్కనే.

సెప్టెంబరు 10

ఇది సుంకన్న పని. నన్ను బెదరగొట్టి పంచాయితీకి రాకుండా చేయాలని. వాడి అడుగు పట్టుకుందామని పొద్దున షెడ్డు గడప అంతా ముగ్గుపిండి మందంగా చల్లి తాళం వేశాను. వాకిట్లోనే కూర్చుని కాపలా కాశాను. పన్నెండు దాటాక గాలి పూర్తిగా ఆగిపోయింది. ఒక్క కునుకు కూడా తీయలేదు.

పోయి చూస్తే పిండిలో అడుగు లేదు. ఒకటే గాడి, గుండ్రంగా, బరువుగా, లోపలి నుంచి బయటికి. రాయి గోడ పక్కన ఉంది. వేసిన తాళం వేసినట్టే ఉంది.

పద్మ ఆ గాడిని చూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చీపురు తెచ్చి ఊడ్చేశాను.

సెప్టెంబరు 11

టాపు గుడ్డ డ్రైవరు వైపు చిరిగింది. ఎలుకలు లేవు, మేకు లేదు. పద్మ దాన్ని మిషను మీదికి తీసుకుని ఆగిపోయింది. "అత్తా, ఈడ పాత కుట్టుంది. ఇదే జాగాలో ఇంతకు ముందూ సిరిగిందేమో. మామ ఏ దారం ఏసినాడో రాసిపెట్టుకోలేదా?"

రాసుకున్నాడు. కాశప్ప బండికి చేసిన ప్రతి పనీ నీలం అట్ట పుస్తకంలో రాసేవాడు. అది ఇనుప పెట్టెలో ఉంది. ఆరేళ్లుగా తెరవలేదు. నాకు చదువు రాదు, చదివించుకునే అవసరం పడలేదు. పద్మ మా ఇంటికి వచ్చి నాలుగేళ్లే, ఆమెకు ఆ పుస్తకం సంగతే తెలియదు. నా కొడుకు రామాంజి పత్తి లారీ మీద తిరుగుతుంటాడు, అడిగే తీరిక వాడికి లేదు.

తీసిచ్చాను. ఎందుకు తీసిచ్చానో.

పద్మ చివరి పేజీల దగ్గర వేలు పెట్టి చదివింది. "సెప్టెంబరు పదకొండు. టాపు సిరిగింది, నైలాను దారంతో కుట్టించినాను." నా ముఖం చూసింది. ఒక పేజీ వెనక్కి తిప్పింది. "ఏడు. ముందు సక్రం ఎనిమిదో పుల్ల వదులు. నాలుగు. ఎడమ కార్బురేటరు కారింది, సూదికి మట్టి. రెండు. బ్యాటరీ కడిగినాను." అప్పుడు తన పుస్తకం, అంటే ఈ పుస్తకం, పక్కన పెట్టుకుంది. తేదీకి తేదీ చూసింది.

"అత్తా, ఇది ఆరేండ్ల నాటిది కదా."

ఆ పేజీలోనే కింది వరుస మీద కూడా కన్ను వేసి, ముందుకు తిప్పబోతే పుస్తకం లాక్కున్నాను.

సెప్టెంబరు 12

పాత బండి. పాత బండికి పోయిన చోటే మళ్లీ పోతుంది. మనిషికీ అంతే.

సెప్టెంబరు 14

గోనెగండ్ల నుంచి మా అన్న ఉల్లిగడ్డలు పంపాడు, ఏటా పంపినట్టే. పెరట్లో తూర్పు గోడ పక్కన ఆరబోశాం. వాన వస్తే కప్పడానికి పట్ట సిద్ధంగా పెట్టాం.

రేడియేటరు గొట్టం పగిలింది. సైకిలు ట్యూబు కోసి చుట్టి తీగతో కట్టాను. నీలం పుస్తకం తెరిచి చూడమని పద్మను అడగలేదు. ఆమె కూడా ఏమీ అనలేదు. కానీ గొట్టం పగలకముందే ట్యూబు, తీగ, కత్తెర తెచ్చి షెడ్డు గట్టు మీద పెట్టి ఉంచింది.

సెప్టెంబరు 15

సుంకన్న గేటు బయట నిలబడ్డాడు. తల నెరిసిపోయింది. మెడ మీద మూటలు మోసి కాసిన కాయ.

"వదినా, బాగుండావా?"

"బాగుండకపోతే నువ్వొచ్చి మోస్తావా? మార్కెట్లో మూటలు అయిపోయినాయేమి?"

"లోపలికి రావాలని లేదులే. బండి లేసిందని పద్మ సెప్పింది. ఒకసారి వినిపోదామని."

"ఇన్యావు కదా, పో."

పోలేదు. గేటు కమ్మీ పట్టుకుని అన్నాడు. "బండి నీ దగ్గరే పెట్టుకో వదినా. నాకు దాని కిందికి దూరనిస్తే సాలు. ఒక్కసారి నేను ఆ బండి కింద పన్జేసి, లేసి బయటికి వస్తే, ఈ ఊరోళ్లు సూడాల. మనవరాలి పెండ్లి మాటలు జరుగుతాండాయి. ఆ పిల్లోని ఇంట్లో 'రాయి పెట్టని సుంకన్న' అంటాండారు. పేరు ముందర అదే వస్తాంది."

పంచాయితీలో చెప్పుకో అన్నాను. "నేను రాయి పెట్టినాను వదినా" అన్నాడు. ఆరేళ్లుగా అదే మాట, అదే గొంతు. గట్టిగా అరిచి ఉంటే నాకు బాగుండేది.

సెప్టెంబరు 17

పద్మ నాకు తెలియకుండా చివరి పేజీ చదివింది. నిన్ననే చదివిందట. ఈ రోజు చెప్పింది. ఏమి ఉందో నేను అడగలేదు. ఆమె రాయడం ఆపి చదివి వినిపించింది. ఇప్పుడు ఇక్కడ కూడా రాస్తానంటుంది. రాసుకో.

"సెప్టెంబరు 18. హ్యాండ్‌బ్రేకు కేబులు తెగింది. వెనక లేపినాము. సుంకన్న రాయి పెట్టి కేబులుకు ఆదోని పోయినాడు. నేను కిందికి దూరి నట్లు విప్పి పెడతాను."

అంతే. తర్వాత పేజీలన్నీ తెల్లవి.

"రాయి పెట్టినాడని మామే రాసినాడు. మరి యాడికి పోయిందత్తా అది?" అని పద్మ అడిగింది.

నీళ్లు పట్టుకో, కొళాయి వచ్చింది అన్నాను.

సెప్టెంబరు 18, గురువారం

పొద్దున హ్యాండ్‌బ్రేకు పట్టుకుంటే చేతిలోకి వదులుగా వచ్చేసింది. కేబులు తెగింది. నేను ఆశ్చర్యపోలేదు.

రేపే పంచాయితీ. బ్రేకు లేని బండిని వాలు మీంచి ఎట్లా బయటికి తీయాలి? నా మోకాళ్లు కిందికి వంగవు. పద్మ నన్ను అడగకుండానే సుంకన్నకు ఫోన్ చేసింది. తొమ్మిదింటికి వచ్చాడు. వెనక భాగం లేపి చూశాడు. "దీని కేబులు దొరకదు వదినా. ఆదోనిలో ఆటో కేబులు తెచ్చి కోసి ఏద్దాం" అన్నాడు. రాయి తెచ్చి ముందు చక్రానికి ఆనించాడు. కాలితో రెండుసార్లు తన్ని చూశాడు.

"పెట్టినాను వదినా. సూడు."

చూశాను.

"సూసినానని సెప్పు."

"సూసినాను."

బస్సుకు పోయాడు.

మధ్యాహ్నం నీళ్ల చెంబుతో షెడ్డులోకి పోతే బండి కింది నుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. ఖాకీ ప్యాంటు, పగిలిన మడమలు. అప్పుడే వచ్చినావా సుంకన్నా అన్నాను. బండి కింది నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, అరచెయ్యి పైకి. ఏ పానా కావాలో అడగలేదు. నేనూ అడగలేదు. అరంగుళం పానా తీసి చేతిలో పెట్టాను. చెయ్యి చల్లగా ఉంది. కింద నేల చల్లగా ఉంటుంది కదా అనుకున్నాను.

ఇంతలో గాలి లేచింది. పడమర నుంచి ఎర్రటి దుమ్ము, దాని వెనకే వాన వాసన. పెరట్లో పట్ట పటపటా కొట్టుకుంది. పద్మ అరిచింది. "అత్తా, పట్ట లేచిపోతాంది, గడ్డలు తడుస్తాయి. ఏదన్నా రాయి ఇటియ్యి."

నేను ముందు చక్రం దగ్గర ఉన్నాను. వంగి ఉన్నాను. నా రెండు చేతులూ రాయి మీద ఉన్నాయి. వాటిని అక్కడికి నేను పంపలేదు. రాయి వేలెడంత కదిలి ఉంది. బండి చిన్నగా మూలిగింది.

ఆ మూలుగు నేను ఇంతకు ముందు విన్నాను. అప్పుడు పెరట్లో ఉండి విన్నాను.

రాయిని చక్రానికి నెట్టి దాని మీద కూర్చున్నాను. వీపు టైరుకు ఆనించాను. మోకాళ్లు వంగవంటాను, వంగాయి. వాన పడింది. పద్మ పిలుస్తూనే ఉంది. నేను లేవలేదు. కింద పానా తిరుగుతున్న చప్పుడు వింటూ చెప్పాను.

"ఆ పొద్దు రాయి తీసింది నేనే. గడ్డలు తడుస్తాయని. పట్ట మీద పెట్టి ఒక్క నిమిషంలో ఇంకో రాయి ఎతికి తెద్దామనుకున్యా. తెచ్చేలోపలే అయిపాయ. సాయంత్రం అందరూ ఏడుస్తాంటే, ఈ రాయిని నేనే కొంగులో ఎత్తుకొచ్చి మూలకు పెట్టినా. సుంకన్న పెట్టలేదని నేనే అంటి."

పానా ఆగింది.

"తెలుసులే హులిగీ" అంది బండి కింది గొంతు. "అట్లే కూసో. లేయాకు."

నేను అట్లే కూర్చున్నాను. వాన వెలిసింది. గేటు చప్పుడైంది. సుంకన్న లోపలికి వచ్చాడు. తల తడిసి ఉంది, చేతిలో కవరు, కవరులో కేబులు. "ఏం వదినా, ఈడ కూసున్యావు?"

వాణ్ని చూశాను. వంగి బండి కింద చూశాను. ఎవరూ లేరు. మడత పెట్టిన గుడ్డ మీద అరంగుళం పానా ఉంది. పక్కన డబ్బా మూతలో విప్పిన నట్లు రెండు, నూనెలో నానబెట్టి. నట్లను అట్లా నానబెట్టేది ఒక్క కాశప్పే.

సుంకన్న కూడా చూశాడు. చాలాసేపు చూశాడు. "నట్లు నువ్వే విప్పినావా వదినా?"

అవునన్నాను. అప్పుడు కూడా అబద్ధమే వచ్చింది నోటికి.

వాడు కేబులు వేసి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకునే దాకా నేను రాయి మీంచి లేవలేదు. ఉల్లిగడ్డలు అన్నీ తడిసిపోయాయి.

సెప్టెంబరు 19

పంచాయితీ అయింది. ఈ రోజు రాయొద్దు పద్మా.

సెప్టెంబరు 20, శనివారం

మధ్యాహ్నం పన్నెండు దాటింది. షెడ్డులో చప్పుడు లేదు. రాయి చక్రం దగ్గరే ఉంది, సుంకన్న పెట్టిన చోట. మూడుసార్లు పోయి చూశాను.

నిన్న బండి ఎవరూ తోయకుండా, దాని ఇంజను మీదే ఓబన్న అరుగు దాకా పోయింది. నడిపింది సుంకన్న, పక్క సీట్లో నేను. వీధి అంతా చూసింది. ఓబన్న "సెప్పమ్మా నీ మాట" అన్నాడు. పద్దెనిమిది రోజులు రాయించి, చదివించుకుని గట్టి చేసుకున్న మాట. నోరు తెరిస్తే వేరేది వచ్చింది.

"సుంకన్న రాయి పెట్టినాడు. ఉల్లిగడ్డలు తడుస్తాయని తీసింది నేను."

పద్మ నీలం పుస్తకం ఓబన్న చేతికిచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. రెండోసారి పైకి చదివాడు. వెనక నుంచి ఒక ఆడగొంతు "ఆరేండ్లు" అంది, అంతే. షెడ్డు తాళం చెవి మొలలోంచి తీసి అరుగు మీద సుంకన్న ముందర పెట్టాను. తిడతాడనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను.

సుంకన్న తాళం చెవి వైపు చూడలేదు. తన అరచేతులు చూసుకున్నాడు. తర్వాత నన్ను అడిగాడు, మార్కెట్లో ఎవరినో ధర అడిగినట్టు, మామూలుగా.

"ఆ పొద్దు గడ్డలు తడిసినాయా వదినా?"

ఎగతాళి అనుకుని ముఖం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"లేదప్పా" అన్నాను. "ఒగటి గూడా తడవలేదు."